పద్దెనిమిది నిమిషాల నీలిదీపం

మధ్యాహ్నం రెండూ పదికి ఇన్‌స్పెక్టర్ నాకు యాభై నిమిషాలు ఇచ్చాడు. ఇచ్చాడనడం పెద్ద మాట, విదిల్చాడు.

"మూడింటికి ఈమెని బండెక్కిస్తాను. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఈలోగా అడిగేది అడగండి, చూసేది చూడండి. తర్వాత మాత్రం నాకు అవకాశం ఇవ్వలేదని ఊరంతా చెప్పుకోకండి," అన్నాడు పక్క కుర్చీలో కూర్చున్నామెని చూపించి.

"ఊరంతా తిరిగే ఓపిక నాకెక్కడిదండీ, మోకాళ్ళ నొప్పులు," అన్నాను.

ఇతనికీ నాకూ పడదు. రెండేళ్ళ కిందట కలుషిత నీటి కేసులో ఇతను ఒక ట్యాంకరు డ్రైవర్ని లోపల వేశాడు. తప్పు ట్యాంకరుది కాదు, భూమిలో పగిలిన పైపుదని నిరూపించి ఆ డ్రైవర్ని నేను బయటికి తెచ్చాను. అప్పట్నుంచి నన్ను చూస్తే ఇతనికి పంటి కింద రాయి పడినట్టుంటుంది. డిటెక్టివ్ పనిలోకి రాకముందు నేను ఇరవై రెండేళ్ళు ఆరోగ్య శాఖలో చేశాను. జబ్బు ఎవరినుంచి ఎవరికి పాకిందో ఇంటింటికీ తిరిగి రాసుకోవడం నా పని. దొంగల్ని పట్టుకోవడం కంటే అది కష్టం. దొంగకి కనీసం మొహమైనా ఉంటుంది.

మేమున్నది వైరస్‌ల మీద పరిశోధన చేసే ల్యాబులో, బయటి గదిలో. దీని వెనక లోపలి గది ఉంది. అందులోకి ఒంటి నిండా సూటు తొడుక్కుని, ఒకటి మూసుకుంటే గానీ ఇంకొకటి తెరుచుకోని రెండు తలుపులు దాటి వెళ్ళాలి. కరోనా వైరస్‌తో పనంతా అక్కడే. ఈ బయటి గదిలో ప్రాణమున్న వైరస్ ఉండకూడదు. అయినా ఈ గదిలో ముప్ఫై ఏళ్ళు మైక్రోస్కోపు ముందు కూర్చున్న టెక్నీషియన్, అందరూ లెక్కల మాస్టారు అని పిలిచే పెద్దాయన, మొన్న మంగళవారం ఆ వైరస్‌తోనే పోయాడు. ఆయన రోజూ ముట్టుకున్న సీసాలోనూ అదే దొరికింది. ఆ సీసా మీద చీటీ రాసింది చీటీలమ్మ.

చీటీలమ్మకి ముప్ఫై నాలుగేళ్ళు ఉంటాయి. ల్యాబులో ఏ సీసాలో ఏముందో చీటీ రాసి అంటించడం ఆమె బాధ్యత. ఇంట్లో ఉప్పు డబ్బాకీ పప్పు డబ్బాకీ కూడా తారీకు వేసి చీటీ అంటిస్తుందని తెలిసి మాస్టారే ఆ పేరు పెట్టాడట. మంగళవారం సాయంత్రం నుంచి స్టేషన్లో బెంచీ మీదే ఉంచి, ఇవాళ ఇక్కడికి తెచ్చారు. జుట్టు రేగిపోయి, మాస్కు పైన కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఏడవడం లేదు. నా దగ్గరికి వచ్చింది ఆమె అక్క. ఇప్పుడు కింద గేటు దగ్గర, చీటీలమ్మ ఐదేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. "సాయంత్రానికి అమ్మ ఇంటికొస్తుందని పాపకి చెప్పేశానండీ," అంది నేను మెట్లెక్కుతుంటే. చెప్పకుండా ఉండాల్సింది. నా మెడకి రాయి కట్టినట్టయింది.

"తలుపులు, గోడలు అంటారట మీరు. అదేంటో నాకు మొదటినుంచీ చెప్పమ్మా," అన్నాను.

చీటీలమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "కణం పైన రిసెప్టర్లు ఉంటాయండీ, బయటినుంచి వచ్చేవి అతుక్కునే చోట్లు. ఈ వైరస్ పట్టుకునేదాన్ని ఏస్‌టూ అంటాం. అది వైరస్ కోసం పెట్టింది కాదు. దాని పని దానికుంది. రక్తనాళాలు మరీ బిగుసుకుపోకుండా, వాపు హద్దు దాటకుండా చూస్తుంది. వైరస్ దాన్ని పట్టుకుని లోపలికి దూరుతుంది. దూరేటప్పుడు ఆ రిసెప్టర్ని కూడా లోపలికి లాక్కుపోతుంది. ఇక పైన ఆ పని చేసేది ఉండదు. కొందరికి ఊపిరితిత్తులు అంత ఘోరంగా దెబ్బతినడానికి అదొక కారణం."

"అంటే దొంగ తలుపులోంచి రావడమే కాదు, తలుపు కూడా పీక్కుపోతాడన్నమాట."

"మాస్టారూ అలాగే అనేవారు. మేం రెండు రకాల కణాలు పెంచుతాం. ఏస్‌టూ దండిగా ఉన్నవి తలుపులు. అసలు లేకుండా జీన్ తీసేసినవి గోడలు. రెండింటి మీదా వైరస్ పోస్తాం. తలుపుల్లో దూరాలి, గోడల్లో దూరకూడదు. అప్పుడే ప్రయోగం సరిగ్గా ఉన్నట్టు."

"మరి గోడల సీసా ఈ గదిలోకి ఎందుకొచ్చింది?"

చీటీలమ్మ కిటికీ వైపు చూసింది. అక్కడ ల్యాబు డైరెక్టరు నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. అందరూ పెద్దసారు అంటారు. నేను వచ్చినప్పట్నుంచీ ఆయన ఆ అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు.

"నేనే అనుమతిచ్చాను," అన్నాడు పెద్దసారు. "గోడల్లో వైరస్ పెరగదు. పోసిన వైరస్‌ని కడిగేస్తాం. మూడు రోజులయ్యాక పరీక్ష చేస్తాం. లేదని తేలాకే బయటికి తెస్తాం. లోపలి గదిలో చోటు చాలదు. నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి. ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు."

"ఇప్పుడు జరిగింది కదా."

"చీటీలో జరిగింది," అన్నాడు ఆయన.

ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు. "విన్నారుగా. సీసాలో వైరస్ ఉంది. గోడల్లో వైరస్ పెరగదు. అంటే అవి గోడలు కావు, తలుపులు. చీటీ మార్చారు. రాసిన మనిషి కాక ఇంకెవరు మారుస్తారు? కారణం కూడా నా జేబులోనే ఉంది." ప్లాస్టిక్ కవరులో పెట్టిన కాగితం ముక్క తీసి నా ముందు పడేశాడు. పదో తారీకున మాస్టారు పెద్దసారికి రాసింది. గుండ్రటి అక్షరాలతో ఒకే వాక్యం ఉంది. గోడ సీసా చీటీ సరిచూడగలరు.

"ఈమె పని మీద ఫిర్యాదు. ఉద్యోగం ఊడుతుందని కక్ష కట్టింది. ముసలాయన మూత తీసి చుక్క తీసుకునే సీసాలోనే విషం పెట్టింది."

"బాబాయ్ నా మీద ఫిర్యాదు చెయ్యరండీ," అంది చీటీలమ్మ. మాస్టారితో చుట్టరికమేమీ లేదు, అలా పిలవడం అలవాటు. "తప్పు చేస్తే మొహం మీదే తిడతారు. రెండు రోజులు మాట్లాడరు. మూడో రోజు టీ తెచ్చి నా బల్ల మీద పెడతారు."

గోడ గడియారంలో రెండూ ఇరవై రెండయింది.

"తారీకులు చెప్పు. తడుముకోకు," అన్నాను.

"మూడో తారీకు సోమవారం వైరస్ పోశాం. ఆరు గురువారం పరీక్షలో ఏమీ లేదు. ఆ రోజే సీసా ఇక్కడికొచ్చింది. అప్పట్నుంచి బాబాయ్ రోజూ లెక్కపెట్టారు. పదమూడు సాయంత్రం ఒళ్ళు వెచ్చగా ఉందన్నారు. పద్నాలుగున ఆసుపత్రి. పద్దెనిమిదిన..."

"సరే. ఆయన ఇంటికి పొద్దున వెళ్ళాను. గేటు బయట నిలబడే మాట్లాడాను. ఆయన భార్య ఒక సంగతి చెప్పింది. ఆయనకి దగ్గు లేదు, ఆయాసం చివరి రోజు దాకా రాలేదు. ముందు కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లనుకున్నారట. ముక్కు మాత్రం భేషుగ్గా పనిచేసింది, ఆసుపత్రిలో ఫినాయిల్ వాసనకి తల నొప్పెడుతోందని పోట్లాడాడట."

"అయితే ఏమైంది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నేను చీటీలమ్మనే చూస్తున్నాను. ఆమె ఏదో అనబోయి పెద్దసారి వైపు చూసి ఆగిపోయింది. ఆ చూపులో భయం కంటే అనుమానం ఎక్కువుంది. దాన్ని మనసులో పెట్టుకుని లేచాను.

మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళాను. పోలీసులు గదంతా కడిగించి, సీసా లోపలి గదిలోనే ఉందని చూసుకుని, ఇక భయం లేదని తేల్చారు. బల్ల మీద మైక్రోస్కోపు, దాని పక్కన తాళం ఉన్న ఇనుప పెట్టె, గళ్ళ అట్ట వేసిన నోటుబుక్కు ఉన్నాయి.

"దీన్ని తీసుకోలేదా మీరు?" అన్నాను నోటుబుక్కు చూపించి.

"ఎక్కాల పుస్తకంలా ఉంది మేడమ్. అంకెలు తప్ప ఏమీ లేవు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ అంకెల కోసమే మాస్టారు బతికాడు. రోజూ చుక్క తీసి, రంగు కలిపి, వంద కణాల్లో ఎన్ని ప్రాణంతో ఉన్నాయో రాసుకునేవాడు. చచ్చిన కణం రంగు పీలుస్తుంది, బతికినది పీల్చదు. గోడ సీసా పేజీ పైకి చదివాను. ఆరో తారీకు తొంభై ఏడు. ఏడు, తొంభై ఆరు. ఎనిమిది, తొంభై మూడు. ఆదివారం సెలవు. పదో తారీకు ఎనభై ఎనిమిది, దాని కింద ఎర్ర గీత. తర్వాత ఎనభై నాలుగు, డెబ్బై ఏడు. పదమూడున డెబ్బై ఒకటి. ఆ చివరి అంకె వంకరగా పడింది.

"తలుపుల సీసాలో వైరస్ పోస్తే మూడో రోజుకి వందకి ఎన్ని మిగులుతాయమ్మా?"

"పది కూడా మిగలవండీ. ఊడిపోయి తేలిపోతాయి."

"పదో రోజుకి?"

"లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. మురికినీళ్ళే." అని, తను ఏమందో తనకే వినిపించినట్టు నోరు మూసుకుంది.

"ఇక్కడ పదో రోజుకి డెబ్బై ఒకటి ఉన్నాయి. తలుపులైతే ఎలా ఉంటాయి ఇన్‌స్పెక్టర్ గారూ?"

"ముసలాయన. కళ్ళు ఆనక తప్పు లెక్కపెట్టి ఉంటాడు."

"ముప్ఫై ఏళ్ళు ఆనిన కళ్ళు మీ కేసు కోసం వారం రోజులు ఆనకుండా పోయాయా?"

"మేడమ్, నా దగ్గర వైరస్ ఉన్న సీసా ఉంది, ఈమె చేతిరాత ఉంది, ఫిర్యాదు ఉంది. మీ దగ్గర చచ్చిపోయినవాడి కూడికలు, తీసివేతలు ఉన్నాయి. కోర్టులో ఏది నిలుస్తుందో మీకూ తెలుసు." అతని గొంతులో పాత ట్యాంకరు కసి వినిపించింది. నాకూ ఒళ్ళు మండింది గానీ, అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. నాకు ఇంకొకటి కావాలి. రెండూ ముప్ఫై ఐదు.

ఇనుప పెట్టె మీద చెయ్యి వేశాను. "ఇదేంటమ్మా?"

"నీలిదీపమండీ. తలుపుల రిసెప్టర్‌కి మేమే ఒక పచ్చతోక తగిలించాం. ఈ దీపం వేసి చూస్తే తలుపులు పచ్చగా మెరుస్తాయి. గోడలు మెరవవు."

"ఏం కనిపిస్తుంది?"

"చీకటే."

"అయితే ఆ సీసాని దీని కింద పెడితే తలుపో గోడో క్షణంలో తేలిపోతుంది కదా. పదో తారీకునే మాస్టారు ఎందుకు చూడలేదు?"

"దీపం తాళం పెద్దసారి దగ్గర ఉంటుందండీ. బల్బు మూడు వందల గంటలే పనిచేస్తుంది, కొత్తది రావడానికి నెలలు పడుతుంది. అందుకే అడిగి వేయించుకోవాలి." చీటీలమ్మ ఆ ప్లాస్టిక్ కవరు వైపు చూసింది. "చీటీ సరిచూడడం అంటే అదేనండీ మా దగ్గర. దీపం వేసి చూడమని. గోడ కణాలు చస్తున్నాయి, ఎందుకో తెలియలేదు, ఒకసారి దీపం వెయ్యండి అని అడిగారు. నా మీద ఫిర్యాదు కాదది."

ఇన్‌స్పెక్టర్ మొహం కొంచెం మాడింది. నేను పెద్దసారి వైపు తిరిగాను.

"మీరు వేశారా?"

"పదో తారీకున నాకు తీరిక లేదు. తర్వాత ఆయన ఆసుపత్రిలో చేరాడు. ఆదివారం మధ్యాహ్నం సీసాని లోపల పెట్టి సీలు వేశాం. ఇక దాన్ని నిపుణుల కమిటీ వచ్చి చూడాలి. ఎవరూ చూడలేదు," అన్నాడు ఆయన.

పెట్టె పక్కన దారంతో కట్టిన సన్నటి పుస్తకం వేలాడుతోంది. దీపం వేసిన ప్రతిసారీ తారీకు, సంతకం, మీటరు అంకె రాయాలి. చివరి సంతకం మాస్టారిది, ఐదో తారీకు. అంకె రెండు వందల పన్నెండు పాయింటు నాలుగు. మోకాళ్ళు కరకరలాడుతుంటే వంగి పెట్టె వెనకున్న మీటరు చూశాను. రెండు వందల పన్నెండు పాయింటు ఏడు.

మళ్ళీ చూశాను. నాకు లెక్కలు రావు గానీ ఈ మాత్రం వచ్చు.

"గంటలో పదో వంతు ఆరు నిమిషాలు. మూడు వంతులంటే పద్దెనిమిది నిమిషాలు," అన్నాను. "ఐదో తారీకు తర్వాత ఈ దీపం పద్దెనిమిది నిమిషాలు వెలిగింది. సంతకం లేదు. తాళం ఒక్కరి దగ్గరే ఉంది."

పెద్దసారి చేతిలో అద్దాలు ఆగిపోయాయి.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ గదిలోకి కార్డు గీసి వచ్చినవాళ్ళ రిజిస్టరు మీ ఫైల్లో ఉంది కదా. సెలవు రోజు, సీసాకి సీలు వేసేముందు, ఆదివారం పొద్దున పేజీ చదవండి."

"ఆదివారం ఈమె రాలేదు, అందుకే ఆ పేజీ నేను చూడలేదు," అంటూనే అతను ఫైలు తిప్పాడు. వేలు పేజీ మీద జారి ఒక చోట ఆగింది. అక్కడున్నది పైకి చదివాడు. "పదహారో తారీకు. ఏడూ పదికి లోపలికి. ఏడూ నలభైకి బయటికి. డైరెక్టరు."

నేను పెద్దసారికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"సీసాని దీపం కింద పెట్టి చూశారు," అన్నాను. "ఒక్క చూపు చాలేదానికి పద్దెనిమిది నిమిషాలు చూశారు. ఏం కనిపించింది?"

ఆయన మళ్ళీ అద్దాలు తుడవబోయాడు. పాపం అనిపించలేదు నాకు. గేటు దగ్గర నిలబడ్డ పిల్ల గుర్తొచ్చి కోపమే వచ్చింది.

"సార్," అంది చీటీలమ్మ మెల్లగా. "పచ్చ ఉందా?"

"లేదు," అన్నాడు పెద్దసారు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "లేదమ్మా. దీపం పాడైందేమోనని అనుకున్నాను. తలుపుల సీసా పెట్టి చూశాను, మెరిసింది. మళ్ళీ దీన్ని పెట్టాను. చీకటి. చీటీ సరిగ్గానే ఉంది. అవి గోడలే."

ఇన్‌స్పెక్టర్ ఒక్కంగలో ఆయన ముందుకొచ్చాడు. "తెలిసి కూడా మంగళవారం నా ముందు కూర్చుని చీటీ మార్చారని సంతకం పెట్టారు. ఈమెని నాచేత లోపల వేయించారు."

"చీటీ తప్పంటే ఒక మనిషి తప్పు. గోడ తప్పంటే నాలుగేళ్ళ నా పద్ధతి తప్పు. ల్యాబు మూతపడుతుంది. ఇంకో నాలుగు రోజులు గడువు దొరికితే ఏం జరిగిందో నేనే కనిపెడదామనుకున్నాను."

"ఆ నాలుగు రోజులూ నేను బెంచీ మీద కూర్చోవాలి," అంది చీటీలమ్మ. కోపంగా కూడా అనలేదు. అందుకే వినలేకపోయాను.

ఇన్‌స్పెక్టర్ నా వైపు చూడకుండా ఫైలు మూశాడు. ఓడిపోవడం అతనికి చేతకాదు గానీ, ఓడాక మొండికెయ్యడు. ఆ మాట అతని గురించి ఒప్పుకోవాలి. "రాసుకునేవి తర్వాత రాసుకుంటాను. నువ్వు వెళ్ళొచ్చమ్మా. కింద మీ అక్క ఉంది," అన్నాడు.

రెండూ యాభై అయింది. పది నిమిషాలు మిగిలుండగానే గెలిచానని నాకు లోపల చిన్న పొంగు వచ్చింది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ వచ్చింది.

చీటీలమ్మ లేచి గుమ్మం దాకా వెళ్ళింది. తలుపు రెక్క పట్టుకుని, బయట నడవాలో నడుస్తున్నవాళ్ళని ఒకసారి చూసింది. తర్వాత తలుపు లోపలికి లాగి మూసేసింది. గడియ పెట్టింది. మా వైపు తిరిగి తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

"ఏంటమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎవరూ బయటికి వెళ్ళొద్దండీ. మాస్కులు తియ్యొద్దు." ఆమె గొంతు ఇప్పుడు ముద్దాయి గొంతులా లేదు. "చీటీ మారలేదు. అంటే వైరస్ నిజంగానే గోడలోకి వెళ్ళింది. ఏస్‌టూ లేని కణంలోకి వెళ్ళిందంటే వేరే రిసెప్టర్ని పట్టుకుంటోంది. నిదానంగా పెరుగుతోంది, అందుకే మూడో రోజు పరీక్షలో దొరకలేదు. అందుకే బాబాయ్ లెక్క రోజుకి కొన్ని చొప్పున తగ్గింది."

"కామెర్లు," అన్నాను.

"కాలేయం కణాల్లో ఏస్‌టూ చాలా తక్కువండీ. జబ్బు అక్కడ మొదలైందని మీరు చెప్పినప్పుడే అనుమానం వచ్చింది. ముక్కులో వాసన దగ్గరి కణాలకి ఏస్‌టూ ఉంటుంది, వాటిని ఇది ముట్టుకోలేదు. ఇది దూరే తలుపు ఏదో మనకి తెలియదు. ఒంట్లో ఎక్కడెక్కడ ఉందో తెలియదు. ఎవరికి ఎక్కువుందో, ఎవరు తట్టుకుంటారో, ఎవరు తట్టుకోలేరో తెలియదు." ఆమె పెద్దసారి వైపు చూసింది. "ఆదివారం చూశారు సార్ మీరు. ఇవాళ గురువారం. రోజూ నలభై మంది ఈ నడవాలో తిరిగారు. బాబాయ్ పక్కనే పనిచేసిన నన్ను రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు."

ఆయన అద్దాలు బల్ల మీద పెట్టేశాడు.

ఇన్‌స్పెక్టర్ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. రెండు రోజులు ఈమెకి ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేసిన మనిషి. ఫోను తీసి స్టేషన్‌కి కలిపి, ఎవరూ ఇళ్ళకి పోవద్దని, కొత్తవాళ్ళని లోపలికి రానివ్వొద్దని చెప్పాడు. ఎందుకని అవతలివాళ్ళు అడిగినట్టున్నారు. "చెప్పింది చెయ్యండి," అని పెట్టేశాడు. నేను నా పాత శాఖకి ఫోన్ చేశాను. ఇరవై రెండేళ్ళు ఊళ్ళో వాళ్ళ పేర్లు రాసుకున్నదాన్ని, జాబితాలో మొదటి నాలుగు పేర్లూ ఈ గదిలోవే చెప్పాను. నాలుగోది నాది.

"మీ ఫోను ఒకసారి ఇస్తారా?" అంది చీటీలమ్మ. "మా అక్కకి చెయ్యాలి."

బల్ల మీద పెట్టి వెనక్కి జరిగాను. ఆమె నంబరు నొక్కి, స్పీకరు వేసి, కిటికీ దగ్గర నిలబడింది. కింద గేటు కనిపిస్తోంది.

"వదిలేశారా?" అంది అక్క, హలో అనకుండానే.

"వదిలేశారక్కా. నా తప్పేం లేదని తేలింది."

కింద అక్క వంగి పాప చెవిలో ఏదో చెప్పింది. పాప గంతులు వేస్తోంది.

"అక్కా, విను. పైకి రావొద్దు. నేను ఇప్పుడు రావడం లేదు. మీరు నేరుగా ఇంటికెళ్ళి తలుపులు వేసుకోండి. ఎవర్నీ రానివ్వకండి, ఎవరింటికీ వెళ్ళకండి. ఆరోగ్య శాఖవాళ్ళు వస్తారు, చెప్పినట్టు చెయ్యండి. నిన్న స్టేషన్లో నువ్వు నా దగ్గర ఎంతసేపున్నావు?"

"గంటుంటానేమో. ఏమైందే?"

"పాప?"

ఇన్‌స్పెక్టర్ గోడ వైపు చూస్తూ, ఎవరితోనూ కాకుండా, "ఏడుస్తోందని నేనే లోపలికి పంపించాను," అన్నాడు.

"పాప నీ ఒళ్ళోనే కదే పడుకుంది," అంది అక్క. "నిద్రపోయేదాకా నీ మెడ చుట్టూ చెయ్యి తియ్యలేదు. నీకు గుర్తులేదా?"

కింద పాప కిటికీలో అమ్మని చూసి చెయ్యి ఊపింది. చీటీలమ్మ కూడా ఊపింది.

"ఉందక్కా," అంది.